నచ్చిన పుస్తకంలో లొసుగులుంటే? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే నవల చుట్టూ తిరిగాయి. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పెద్దదైంది, మిగతావి కూడా దాని పక్కన పెట్టి చదివితేనే బాగుంటాయనిపించి అన్నీ ఒకచోటే వేస్తున్నాం.

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర లంక గ్రామం. డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్లో ఒకమ్మాయి ఇస్తే 'వైల్డర్ గర్ల్స్' అనే ఇంగ్లిష్ నవల చదివాను. చదువుతున్నంతసేపూ ఒళ్లు జలదరిస్తూనే ఉంది, కానీ కింద పెట్టలేకపోయాను. తర్వాత నా ఫ్రెండ్ కూడా చదివి, వేళ్లు మడిచి మరీ లోపాలు లెక్కపెట్టింది. ముగింపే లేదంది, పెద్దవాళ్లు అలా ఎందుకు చేశారో చెప్పలేదంది, జబ్బుకి చెప్పిన కారణం అతకలేదంది. అన్నీ నిజమే, నా దగ్గర జవాబు లేదు. అయినా నాకు ఆ పుస్తకం అంటే ప్రాణం. ఇన్ని లోపాలున్నదాన్ని ఇంతగా ఇష్టపడుతున్నానంటే నా టేస్టే బాలేదా?
– పేరు వద్దు, రాజోలు

జవాబు: నీ టేస్ట్‌కి ఏ ఢోకా లేదమ్మా. అలాగని నీ ఫ్రెండ్ మాట కొట్టిపారెయ్యకు, ఆ లోపాలు నిజంగానే ఉన్నాయి. నేనూ చదివాను, నాకూ చాలా నచ్చింది, చివర్లో మాత్రం రచయిత్రి మీద గట్టిగా కోపం వచ్చింది. ఒకే పుస్తకం మీద ఒకే మనిషికి ఈ రెండూ కలగడంలో వింతేం లేదు.

చదవనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను, ముందే తెలిసిపోతే ఇష్టం లేనివాళ్లు ఈ పేరా, దీని తర్వాతి పేరా దాటెయ్యండి. రోరీ పవర్ అనే అమెరికన్ రచయిత్రి మొదటి నవల ఇది, 2019లో వచ్చింది. మెయిన్ రాష్ట్రం తీరం అవతల రాక్స్‌టర్ అనే దీవి, దాని మీద ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు. 'టాక్స్' అని వాళ్లు పేరు పెట్టుకున్న ఏదో జబ్బు ఆ దీవికి పట్టుకుని ఏడాదిన్నర అయింది. టీచర్లలో చాలామంది పోయారు, పిల్లల్లోనూ కొంతమంది పోయారు, మిగిలినవాళ్ల ఒళ్లు ఒక్కొక్కరికీ ఒక్కోలా మారిపోతున్నాయి. కథ చెప్పే హెట్టీకి ఒక కన్ను మూసుకుపోయి రెప్పలు అతుక్కుపోయాయి, ఆ రెప్ప కింద ఏదో పెరుగుతోందని ఆమెకి తెలుస్తూనే ఉంటుంది. ప్రాణస్నేహితురాలు బయాట్‌కి వీపు మీద రెండో వెన్నెముక పొడుచుకొచ్చింది. రీస్ అనే పిల్లకి ఒక చెయ్యి వెండి పొలుసులతో నిండిపోయింది. దీవి మొత్తం క్వారంటైన్. నేవీ వాళ్లు పడవలో సరుకులు పంపిస్తారు, అవి ఎవరికీ చాలవు. అడవి కంచె దాకా వచ్చేసింది, అందులో జంతువులూ మారిపోయాయి. ఇంతలో బయాట్ కనిపించకుండా పోతుంది, హెట్టీ కంచె దాటి ఆమెని వెతకడానికి బయల్దేరుతుంది.

చివరికి తేలేదేమిటంటే ఇదంతా ఒంట్లో చేరిన పరాన్నజీవి పని, వేడెక్కుతున్న వాతావరణం దాన్ని లేపింది, బయటి పెద్దవాళ్లకి ఈ పిల్లల్ని బతికించుకోవాలన్న ఆత్రం కంటే వీళ్ల మీద పరీక్షలు చెయ్యాలన్న ఆత్రమే ఎక్కువ. ముగ్గురు పిల్లలూ పడవలో దీవి వదిలి పోతుంటే నవల ఆగిపోతుంది. వాళ్లు బతికారా, మందు దొరికిందా, ఏమీ తెలీదు.

ఇప్పుడు ఈ పుస్తకం నిన్ను ఎక్కడ పట్టుకుందో చూద్దాం, ఎందుకంటే నీ ఉత్తరంలో లోపాలు మూడూ వివరంగా రాశావు కానీ ఏం నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. బాడీ హారర్‌లో దెయ్యం బయట్నుంచి రాదు, మన ఒళ్లే మన మాట వినకుండా పోతుంది. పాడుబడ్డ బంగళా కథైతే తలుపు తోసుకుని పారిపోవచ్చు, ఒంటిని వదిలి ఎక్కడికి పోతాం? పెద్దవాళ్లకి ఇది ఏ రోగమో వచ్చినప్పుడు పట్టుకునే భయం. పన్నెండు పదమూడేళ్ల పిల్లకి మాత్రం రోగం లేకుండానే, రోజూ జరిగేదే. మన వైపు సమర్త ఎలా చేస్తారో నీకు చెప్పక్కర్లేదు. అసలు ఒంట్లో ఏం జరిగిందో పిల్లకి ఎవరూ సరిగ్గా చెప్పరు. మూలన చాప వేసి కూర్చోబెడతారు, చిమ్మిలి ఉండలు తినిపిస్తారు, పేరంటాళ్లని పిలుస్తారు, డబ్బున్నవాళ్లైతే ఆనక ఓణీల ఫంక్షన్‌కి సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టిస్తారు. మార్పు ఆ పిల్ల ఒంట్లో, వార్త మాత్రం ఊరంతటికీ. 'నీకెలా ఉందే' అని పక్కన కూర్చుని అడిగే మనిషి ఆ ఇంట్లో ఒక్కరుంటే ఆ పిల్ల అదృష్టవంతురాలు. రోరీ పవర్ ఈ సంగతిని ఎక్కడా ఉపన్యాసంలా చెప్పదు. పదహారేళ్ల పిల్ల మూసుకుపోయిన కన్నుతోనే మేడ మీద తుపాకీ పట్టుకుని కాపలా కాస్తుంది, కింద పిల్లలు తమ ఒంట్లో కొత్తగా ఏం మొలిచిందో ఒకళ్లకొకళ్లు చూపించుకుని మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. చూసి కెవ్వుమనేవాళ్లు లేరు. ఇంత వింత జరుగుతుంటే వాళ్లు దానికి అలవాటు పడిపోయారన్నదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నువ్వు లంక పిల్లవి కాబట్టి ఇంకో సంగతి కూడా నీకు గట్టిగా తగిలి ఉంటుంది. 2022 జూలై వరదల్లో కోనసీమ లంకలకి వెళ్లే కాజ్‌వేలు నీళ్లలో మునిగిపోయి, పాల ప్యాకెట్లూ మంచినీళ్లూ పడవల మీదే రావాల్సి వచ్చింది గుర్తుందా. అలా ఏటిగట్టు మీద నిలబడి పడవ కోసం చూసినవాళ్లు, అది ఇంకా ఒడ్డుకి చేరకముందే అందులో ఎన్ని మూటలున్నాయో కళ్లతోనే లెక్కపెట్టుకున్నవాళ్లు, ఆ నవల్లో సరుకులొచ్చిన రోజు పిల్లలు సంచుల మీద పడి కలియబడే సీను చదివితే అది కల్పన అనుకోరు. ఆ రచయిత్రికి మన గోదావరి తెలీదు, అయినా ఆకలి ఎలా ఉంటుందో, నిన్నటిదాకా పక్కపక్కన కూర్చుని చదువుకున్న పిల్లలు ఒక బిస్కెట్ ప్యాకెట్ దగ్గర ఎలా మారిపోతారో సరిగ్గా రాసింది. పైగా అది అచ్చైన మరుసటి ఏడాదే కరోనా వచ్చి క్వారంటైన్ అనే మాట మన గుమ్మం ముందుకి వచ్చింది. ఆ తర్వాత చదివినవాళ్లకి ఆ దీవి అంత దూరంగా ఉండదు.

ఇక లోపాలు. నీ ఫ్రెండ్ చెప్పిన మూడూ నాకు ఒకే చోట పుట్టినట్టు కనిపిస్తున్నాయి. కథ మొదలెట్టేటప్పుడే రచయిత్రి ఒక నిర్ణయం తీసుకుంది: ఆ పిల్లలకి తెలిసినంతే మనకీ తెలియాలి. సగం దాకా పుస్తకాన్ని నిలబెట్టింది ఆ నిర్ణయమే. జబ్బేమిటో తెలీదు, టీచర్లు చాటుగా ఏం మాట్లాడుకుంటున్నారో తెలీదు, పడవ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు, మన ఊపిరి కూడా వాళ్లతోపాటే బిగబట్టుకుపోతుంది. సగం దాటాక ఆమెకే అది చాలదనిపించింది. జవాబులు కూడా ఇచ్చెయ్యాలనుకుంది. అప్పటిదాకా ఏమీ తెలియని పిల్లలకి ఇప్పుడు అన్నీ చకచకా తెలియాలి కాబట్టి పరాన్నజీవి, వాతావరణం, ప్రభుత్వం చేసిన మోసం, ఇంత పెద్ద సంగతులన్నీ చివరి కొద్ది పేజీల్లో కుక్కేసింది. దేని దగ్గరా నిలబడలేదు. వేడెక్కడం వల్లే లేచిందని ఒక మాట అనేసి వదిలేసింది. అసలేమీ చెప్పకపోతే భయమైనా మిగిలేది, వివరంగా చెబితే నమ్మకమైనా కుదిరేది. హెడ్‌మిస్ట్రెస్ సంగతీ అంతే, పిల్లల కళ్లతోనే చూస్తున్నాం కాబట్టి ఆవిడ మనసు మనకి మొదట్నుంచీ మూతపడే ఉంది, అది బాగానే ఉంది, కానీ చివర్లో ఆవిడ అంత ఘోరానికి దిగినప్పుడు మనకి కోపం రావడానికి కూడా ఆవిడ గురించి ఏమీ తెలీదు. హెట్టీకీ రీస్‌కీ మధ్య మొలకెత్తిన ప్రేమ, నాకైతే పుస్తకంలో అన్నిటికంటే అందమైన భాగం, అది కూడా ఆ హడావిడిలో కొట్టుకుపోయింది.

ఒక్క విషయంలో మాత్రం నీ ఫ్రెండ్‌తో నేను ఒప్పుకోను. పడవలో ఆపెయ్యడం తప్పు కాదు. ఏమీ తెలియని పిల్లలు ఏమీ తెలియకుండానే వెళ్లిపోవడం మొదటి సగానికి సరిగ్గా అతికే ముగింపు. దానికి ముందున్న ఆ కొద్ది పేజీల తొందరే దాన్ని పాడుచేసింది, దాంతో చదివేవాళ్లకి ముగింపే తెగిపోయినట్టు అనిపిస్తుంది.

కాబట్టి 'లోపాలున్నా నాకు నచ్చింది' అని తగ్గి చెప్పక్కర్లేదు. నీకు నచ్చిందీ, ఆ పిల్లకి నచ్చనిదీ ఒకే నిర్ణయంలోంచి వచ్చాయి, ఒకటి తీసేస్తే రెండోది కూడా పోతుంది. మేరీ షెల్లీ పద్దెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టి 1818లో అచ్చు వేయించిన 'ఫ్రాంకెన్‌స్టయిన్' చూడు. శవాల ముక్కలతో తయారైన ఆ ప్రాణి ఒక గుడిసెని ఆనుకున్న పాకలో దాక్కుని, సందులోంచి వింటూ భాష మొత్తం నేర్చుకుని, మిల్టన్ కావ్యం చదివే స్థాయికి వస్తుంది. ఎలా కుదురుతుందని అడిగితే జవాబు లేదు. అయినా రెండు వందల ఏళ్లుగా చదువుతున్నారు, ఎందుకంటే అడగకుండా ఇచ్చిన ఒంటిలో ఇరుక్కున్నవాడి బాధ ఆవిడ తప్పు లేకుండా రాసింది. 'వైల్డర్ గర్ల్స్' అంత గొప్పదని నేననడం లేదు, అంత గొప్పది కాదు కూడా. కానీ ఒంటి గురించి అది రాసింది తప్పు లేకుండా ఉంది.

ఈసారి ఆ పిల్ల లోపాలు లెక్కపెడితే అన్నీ ఒప్పుకో. తర్వాత నిన్ను నిద్రపోనివ్వని పేజీ తీసి పైకి చదివి వినిపించు. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదంతే, స్నేహం ఎక్కడికీ పోదు.

ప్రశ్న: అమ్మా, నమస్తే. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దుప్పటి కింద సెల్ వెలుతుర్లో ఏదో చదువుతుంటే లాక్కుని చూశాను, ఇదే పుస్తకం. నాలుగు పేజీలు చదివేసరికి నాకే కడుపులో దేవింది. టెన్షన్‌గా ఉంది. తిరిగి ఇవ్వనా, దాచెయ్యనా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: తిరిగి ఇచ్చెయ్యండమ్మా, కానీ మీరు కూడా పూర్తిగా చదివి ఇవ్వండి. సగంలో లాక్కున్న భయంకరమైన కథ పిల్లల బుర్రలో సగంలోనే ఉండిపోతుంది, మిగతా సగాన్ని వాళ్లే ఇంకా ఘోరంగా ఊహించుకుంటారు.

ఈ పుస్తకంలో ఏమేం ఉన్నాయో మీకు దాచకుండా చెప్పాలి. రక్తం ఉంది, చావులున్నాయి, పిల్లల మీద పెద్దవాళ్లు చేసే వైద్య పరీక్షలున్నాయి, ఒంటిని కోసుకోవడం లాంటి చూడలేని సీన్లున్నాయి. ఇలా యంగ్ అడల్ట్ అని అచ్చు వేసేవి మామూలుగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం, కానీ పన్నెండేళ్ల పిల్లా పద్దెనిమిదేళ్ల పిల్లా ఒకటి కాదు. నన్నడిగితే పద్నాలుగు లోపు పిల్లలకి ఇవ్వను. మీ అమ్మాయి ఆ గీత మీదే ఉంది, కాబట్టి వయసు కంటే ఆ పిల్ల ఎలా ఉందో చూడటమే మేలు. అన్నం తింటోందా, నిద్రపోతోందా, అద్దం ముందు నిలబడి తన ఒంటిని తనే అసహ్యించుకుంటున్నట్టు మాట్లాడుతోందా, చేతుల మీద గీతలు గట్రా ఏమైనా ఉన్నాయా. తిండీ నిద్రా తగ్గినా, మిగతావి కనిపించినా అప్పుడు సమస్య పుస్తకం కాదు, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇవేవీ లేకపోతే, ఆ పిల్ల మామూలుగా భయాన్ని ఎంజాయ్ చేస్తోంది, మనం ఆ వయసులో అమ్మమ్మ దగ్గర పడుకుని కొరివి దెయ్యాల కథలు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నట్టే.

ఇంకో మాట. మీకు కడుపులో దేవిన చోట ఆ పిల్లకి ధైర్యం దొరికి ఉండొచ్చు. 'అందులో ఎవరంటే నీకిష్టం' అని అడగండి. హెట్టీ అందో, రీస్ అందో విన్నాక, ఎందుకో కూడా అడగండి. ఆ జవాబులో ఆ పిల్ల ఒంటి గురించి, స్కూల్లో ఫ్రెండ్స్ గురించి మీకు ఇంతవరకు చెప్పని విషయం ఒకటైనా బయటికొస్తుంది. దుప్పటి కింద సెల్ వెలుతుర్లో చదవడం మాత్రం మాన్పించండి, కళ్లు అలిసిపోతాయి, లైటు వేసుకుని దర్జాగా చదువుకోమనండి.

ప్రశ్న: ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. మన సాహిత్యంలో ఇంత రసం పెట్టుకుని పిల్లలు ఈ పుండ్లూ పురుగులూ ఉన్న పుస్తకాలు చదువుతుంటే బాధేస్తోంది. మీరు కూడా వాటిని వెనకేసుకొస్తే ఎలాగండీ?
– రిటైర్డ్ తెలుగు మాస్టారు, అమలాపురం

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ బాధ నాకు అర్థమైంది, కానీ మీ క్లాసులోనే నేను కూర్చున్నాననుకుని ఒక మాట అడగనివ్వండి. అరణ్యకాండలో కబంధుడు ఎలా ఉంటాడు? తల లేదు, మెడ లేదు, పొట్టలోనే నోరు, రొమ్ము మీద ఒకటే కన్ను, యోజనం పొడుగు చేతులు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొడితే తలా తొడలూ మొండెంలోకి దిగబడిపోయాయి, బ్రహ్మ ఇచ్చిన దీర్ఘాయువు వల్ల చావూ లేదు. చావు రాని ఆ ఒంటిలో వాడు ఎంతకాలం పడున్నాడో ఆలోచిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చేతులు నరికినవాళ్లనే తనని గోతిలో వేసి కాల్చమని బతిమాలుకున్నాడు. ఇది మన పిల్లలకి మనమే ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పే కథ.

ఇంకా దగ్గరికి వస్తాను. నన్నయ గారు ఆదిపర్వం రాసింది మన రాజమహేంద్రవరంలో, పదకొండో శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో. అందులో యయాతి కథ ఉంది. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం వచ్చిన తండ్రి కొడుకుల్ని వరుసగా పిలిచి, నా ముసలితనం తీసుకుని మీ యవ్వనం ఇవ్వండని అడుగుతాడు. నలుగురు కాదంటారు. చిన్నవాడు పూరుడు సరేనంటాడు, చూస్తుండగానే ఆ కుర్రవాడి ఒళ్లు ముడతలు పడిపోతుంది, తండ్రి కోరిక తీరేదాకా వెయ్యేళ్లు అలాగే ఉంటాడు. క్లాసులో మనం దాన్ని పితృభక్తిగా చెప్పాం. పదిహేనేళ్ల పిల్ల చేతికిచ్చి చదవమంటే, తన ఒంటిని పెద్దవాళ్లు వాడుకున్న కథలాగే చదువుతుంది, ఆ చదవడం తప్పని నేననలేను. రాక్స్‌టర్ పిల్లల కథ కూడా అదే.

పద్యం శిల్పంలో, మాట బరువులో నన్నయకీ ఈ నవలకీ పోలికే లేదు, ఆ విషయంలో మీతో వాదించను. ఈ నవల చదివిన పిల్ల రేపు నన్నయ దగ్గరికి వస్తే సంతోషం, రాకపోయినా ఈ చదువు వృథా అనుకోను. మనవాళ్లు భయాన్ని ఇష్టంగా చదవడం, దాని మీద గట్టిగా తగువులాడుకోవడం కూడా కొత్త కాదు కదండీ. యండమూరి చేతబడి నవల 'తులసిదళం' సీరియల్‌గా వస్తున్నప్పుడు ఎంతమంది వారం వారం ఎదురుచూశారో మీకు తెలుసు, రంగనాయకమ్మ గారు అది మూఢనమ్మకాన్ని పెంచుతోందని కోపంతో ఏకంగా ఒక పుస్తకమే రాశారనీ తెలుసు. ఇష్టంగా చదివినవాళ్లలో చాలామంది ఆ విమర్శ కూడా చదివారు, రెండింట్లోనూ నిజం ఉందనుకున్నారు. ఈ పిల్లలకీ అంత బుద్ధి ఉంది మాస్టారూ. మీరు ఒక్కసారి వాళ్లని పిలిచి కబంధుడి శ్లోకాలు చదివి చెప్పండి, ఎలా వింటారో మీరే చూస్తారు.

ప్రశ్న: ఈ రకం పుస్తకాల్లో లోపాల్లేనిది ఒకటి చెప్పండి, చిన్నదైతే మంచిది.
– ఉద్యోగార్థి, నరసాపురం

జవాబు: కాఫ్కా 'మెటమార్ఫసిస్', 1915. ఒక పొద్దున లేచేసరికి పురుగైపోయిన సేల్స్‌మన్ కథ. మారాక వాడికొచ్చిన మొదటి దిగులు రైలు తప్పిపోయిందని, ఆఫీసులో ఏమంటారోనని. ఎందుకు మారాడో కాఫ్కా మొదట చెప్పడు, చివరా చెప్పడు, ఇందాక రాజోలు అమ్మాయికి చెప్పిన తొందర ఆయనకి లేదు. పోటీ పరీక్షల చదువు మధ్యలో ఒక రోజు చాలు.

ప్రశ్న: అక్కా, మాది భీమవరం పక్క పల్లె. నాన్నకి రొయ్యల చెరువులు, రాత్రి కాపలా నాదే. ఈ పుస్తకం చదివాక తెలుగులో ఇలాంటి కథ రాయాలని పట్టుకుంది. కానీ వాళ్లకైతే దీవులూ ల్యాబులూ ఉన్నాయి. చెరువు గట్టు మీద కూర్చున్నవాడికి ఏముంది? ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– బీటెక్ అయిపోయినవాణ్ణి

జవాబు: చెక్ ట్రేలో, మేత తిన్నాయో లేదో చూడ్డానికి నువ్వు చెరువులో దించే ఆ పళ్లెంలో మొదలుపెట్టు. నేను మాట వరసకి అనడం లేదు. అమావాస్యకో పౌర్ణమికో నాన్న మేత తగ్గించి మినరల్స్ చల్లించే రోజుల్లో, రాత్రి ట్రే పైకి లాగి టార్చి వేసి చూడు. రొయ్య తన పెంకు వదిలేసి పక్కనే ఉంటుంది. ఆ వదిలిన పెంకుని వేలి మీద పెట్టుకుని చూస్తే మీసాలు ఉన్నాయి, కాళ్లున్నాయి, కళ్ల మీద ఉండే పలచని పొర కూడా ఉంది. అంతేకాదు, పొట్ట లోపలి గట్టి పొర కూడా దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది. తన ఆకారంలోనే ఉన్న ఖాళీ రొయ్యని పక్కన పెట్టుకుని, మెత్తగా కదల్లేక పడున్న రొయ్య, దాన్ని తినడానికి వస్తున్న మిగతా రొయ్యలు. నువ్వు రోజూ చూసేది కాబట్టి నీకు మామూలైపోయింది. ఆ గట్టు మీద కాపలా పడుకునే కుర్రాడికి ఒక తెల్లవారుజామున వెన్ను వెంబడి చర్మం బిగుసుకున్నట్టు అనిపిస్తే, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోతలో అతను పిలిచినా ఇంట్లోవాళ్లకి వినపడకపోతే, నీకు ల్యాబ్ ఎందుకు చెప్పు. అప్పుడు కూడా వాడికి మొదట గుర్తొచ్చేది మేత బాకీయో, ఈ పంట ఎంత కౌంట్‌కి, అంటే కిలోకి ఎన్ని రొయ్యల లెక్కన, పోతుందోనన్న దిగులో అయి ఉండాలి. రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు తగిలితే చెరువు మొత్తం రోజుల్లో తేలిపోతుందని భయపడుతూ పెరిగిన పిల్లాడు తన చేతి మీద తెల్ల చుక్క చూసుకుంటే ఎవరికి చెబుతాడు, ఎందుకు చెప్పడు, ఇది నీకు తెలిసినంతగా ఏ అమెరికన్ రచయితకీ తెలీదు.

ఇంకొకటి ఉంది, దాన్ని మాత్రం జాగ్రత్తగా ముట్టుకోవాలి. 'వైల్డర్ గర్ల్స్'లో ఒంట్లో పురుగు అనగానే మన డెల్టాలో పెద్దవాళ్లకి గుర్తొచ్చేది బోదకాలు. ఒకప్పుడు అది బాగా ఉన్న ప్రాంతాల్లో మనదీ ఒకటి. దోమ కాటుతో లోపలికి పోయిన పురుగు లింఫ్ నాళాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది, దాని పిల్లలు రాత్రిపూట రక్తంలో పైకి తేలతాయి, అందుకే ఆరోగ్యశాఖ వాళ్లు రాత్రుళ్లు ఇళ్లకి వచ్చి వేలి కొసన రక్తం తీసుకునేవాళ్లు. పగలు దొరకనిది రాత్రి దొరుకుతుందన్న ఆ ఒక్క సంగతిలోనే కథ ఉంది. పురుగున్నవాళ్లలో చాలామందికి పైకి ఏమీ కనిపించదు, ఏళ్ల తర్వాత ఎప్పుడో కాలు వాస్తుంది. రాయి, కానీ కాలు వాచిన ముసలమ్మని భయపెట్టే బొమ్మగా నిలబెట్టకు. అలాంటి మనుషులు నిజంగా ఉన్నారు, వాళ్లు ఈ పత్రిక చదువుతారు, పెళ్లిళ్లలో చీర కుచ్చెళ్లు కిందికి దించుకుని మూలన కూర్చున్న అత్తల్ని మనం చూశాం. ఈ తరహా పుస్తకాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇదే, మారిన ఒంటిని చూసి భయపడమని చెప్పేటప్పుడు, అలాంటి ఒంటితోనే పుట్టినవాళ్లూ బతుకుతున్నవాళ్లూ అది చదువుతున్నారని మర్చిపోతాయి. రాక్స్‌టర్‌లో కొంత నయం, అక్కడ మారిన ఒళ్లున్నవాళ్లే కథ చెబుతారు, భయపెట్టేది బయటి పెద్దవాళ్లు. నువ్వు కూడా వాచిన కాలున్న మనిషి లోపలి నుంచి రాయి. రాత్రి తలుపు కొట్టి వేలు చూపించమన్నవాళ్లు ఆవిడకి ఎలా కనిపించారో రాయి.

కారణం చెప్పాలా వద్దా అన్నది మొదటి పేజీ రాసే ముందే తేల్చుకో. ల్యాబ్ నుంచి వచ్చిందా, మందుల వల్లా, నీళ్ల వల్లా, నీకు మాత్రం తెలిసుండాలి. కాపలా కుర్రాడికి తెలిసే దారి లేకపోతే కథలో చెప్పకు, చివరి పేజీలో ఏ డాక్టర్ నోటో చెప్పించకు. వాడికి తెలియాలని నీకుంటే, మొదట్నుంచీ వాడు వెతుకుతూ ఉండాలి, ఏజెంట్ దగ్గరో, మందుల షాపులోనో, పక్క చెరువు రైతు దగ్గరో ఒక్కో ముక్కే దొరకాలి.

భాష గురించి అడగలేదు కానీ చెబుతున్నా, గట్టు మీద ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయి, సీడ్, కౌంట్, ఏరియేటర్ అన్నవాటిని మార్చకు. పూర్తయ్యాక మాకు పంపు. చేత్తో రాసినా పర్లేదు, కాగితానికి ఒక వైపే రాసి, పేజీ నంబర్లు వెయ్యి.